వందకొక ముక్క

ఏప్రిల్ ఇరవై, ఆదివారం, పొద్దున పదిన్నరకు, సంఘం భవనం గద్దె మీద కూర్చుని, వినోద కడుపు తీయించుకుందని ఆర్‌ఎంపీ అంబదాస్ చెప్పాడు. చెప్పేటప్పుడు అతను ఆమె వైపు చూడలేదు. సంఘం పెద్ద సిద్దిరాములు వైపు చూశాడు.

“నెల ఆగుడు ఒక ముచ్చట. పిల్ల లేకుంట పాలొచ్చుడు ఇంకో ముచ్చట. పాలు ఊకెనే రావు పెద్దమనిషీ. కడుపైతేనే వస్తయి. మొగడు మస్కట్‌ల ఉండంగ అయిన కడుపు. ఏదో గోలి మింగి తీసుకున్నట్టున్నది. గర్భసంచి ఎండిపోయింది. ఇగ కాయదు.”

గద్దె కింద ఆడవాళ్లు కూర్చునే వైపు గుసగుస లేచి ఆగింది. అందరూ బీడీలు చేసేవాళ్లే. వినోద వాళ్ల ముందు వరుసలో కూర్చుంది. ఆకు లేదు, తంబాకు లేదు, అయినా ఆమె వేళ్లు ఒళ్లో చుట్టుతూనే ఉన్నాయి. ఆమె భర్త పరశురాములు స్తంభానికి ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు. పద్దెనిమిది నెలలు మస్కట్‌లో చేసి మార్చి పద్నాలుగున వచ్చాడు. రెండు నెలల సెలవు. మే పద్నాలుగుకు టికెట్ ఉంది.

రొమ్ము నుంచి పాలు కారుతున్న సంగతి వినోద ఒక్క పరశురాములుకే చెప్పింది. అతను తల్లికి చెప్పాడు. తల్లి కొమురవ్వ బీడీల కార్ఖానా వరండాలో, బీడీలు అప్పజెప్పే వరుసలో నిలబడి, ముప్పై మందికి చెప్పింది.

సిద్దిరాములు కాగితం చదివాడు. సంతానం కలగదు కాబట్టి, నడత మీద అనుమానం ఉంది కాబట్టి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నారు అని రాసి ఉంది. పరశురాములు అప్పటికే సంతకం పెట్టాడు. కోరుట్లలో పిల్లను చూసి వచ్చారన్నది ఊరందరికీ తెలుసు. వినోద సంతకం ఒక్కటే మిగిలింది.

“సారు నన్ను పరీక్ష చేసిండా, పెద్దయ్యా?” అని అడిగింది వినోద.

“పరీక్ష దేనికి? ఇరవై రెండేండ్ల అనుభవం,” అన్నాడు అంబదాస్.

సిద్దిరాములు కాగితం మడిచి కొమురవ్వ చేతికిచ్చాడు. “ఆలోచించుకో బిడ్డా. వచ్చే ఐతారం దాక టైమిస్తున్నం. ఆలోపు మీ అవ్వ దగ్గర ఉండు.”

వినోద తల్లి సత్తవ్వ ఇల్లు అదే ఊళ్లో రెండు గల్లీల అవతల. ఇద్దరూ నడిచి వెళ్లారు. దారిలో సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏడ్వకు అవ్వా. వాళ్లు చూస్తున్నరు,” అంది వినోద.

సోమవారం పొద్దున ఆరింటికి వినోద చాట ముందు కూర్చుంది. రాత్రి తడిపి గుడ్డలో చుట్టిన తునికాకు మెత్తబడింది. ఇనుప రేకును ఆకు మీద పెట్టి, కత్తెరతో చుట్టూ కోసి, ఈనె తీసేసి, కోసిన ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. గంట కోత, తర్వాత చుట్టుడు. చిటికెడు తంబాకు, రెండు వేళ్లతో ఒక తిప్పు, మూతి మడిచి, దారం రెండు చుట్లు. వంద కాగానే అత్తింటి నుంచి తెచ్చుకున్న బిస్కెట్ డబ్బాలోంచి ఒక రేకు ముక్క తీసి గిన్నెలో వేసింది.

వందకొక ముక్క. సాయంత్రం గిన్నెలో ముక్కలు ఎన్నో అన్ని వందలు. సత్తవ్వ చింతగింజలు వాడేది. వినోద గ్యాస్ గోలీల ఖాళీ రేకులు వాడుతోంది. అవి రోజుకొకటి వస్తాయి.

ఏమీ తినకుండా పొద్దున కూర్చుంటే పదింటికి గుండెలో మంట లేస్తుంది. బీడీలు చేసే ఇళ్లలో ఇది మామూలు. అందరికీ అంబదాసే గోలీ ఇస్తాడు. పరగడుపున ఒకటి. పోయిన మే నెల నుంచి వినోద ఒక్క రోజు కూడా తప్పించలేదు.

పక్కింటి మంజుల తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఆమెకు ముప్పై నాలుగు. పది బీడీలు చుట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

“నాకు సుత రాలే.”

“ఏంది?”

“నెల. దసరకు వచ్చింది, ఆఖరు. అంబదాస్ సారును అడిగితే ముట్లుడిగినయి అన్నడు. కొందరికి జల్ది అయితదట.”

“ముప్పై నాలుగుకా?”

“మా ఆయన నవ్విండు. ముసల్దానివైతివి పో అన్నడు. గా ముచ్చట ఎవలకు చెప్పుకుంటం?” మంజుల దారం కొరికింది. “పాలైతే రాలే నాకు. రొమ్ము మాత్రం సలుపుతది.”

వినోద చేతిలోని ఆకు కింద పెట్టింది. “నువ్వు గ్యాస్ గోలి ఎన్నడు మొదలు వెట్టినవ్?”

“బోనాలప్పుడు. రోజుకొకటి. నీకిచ్చేదే, సగం పచ్చ సగం తెలుపు. ఎందుకు?”

వినోద బిస్కెట్ డబ్బా బోర్లించి రేకు ముక్కలన్నీ నేల మీద పోసింది.

అంబదాస్ గోలీలను పట్టీగా ఇవ్వడు. ఒక్కో గోలీని విడిగా కత్తిరించి, నాలుగు ముక్కలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. ఏ ముక్క మీదా పూర్తి పేరు ఉండదు. ఒకదాని మీద మూడు అక్షరాలు, ఒకదాని మీద రెండు, ఒకదాని మీద సగం అంకె. పేరు తెలిస్తే జనం మెట్‌పల్లిలో కొనుక్కుంటారని అతను అలా చేస్తాడని ఊళ్లో అనుకునేవారు.

వాటిలో కొత్తగా మెరుస్తున్నవి ఈ నెలవి. వినోద వాటిని కత్తెర వెనుక వైపుతో రుద్ది చదును చేసింది. గోలీ నొక్కిన చోట చిరిగిన రేకును గోటితో అతికించింది. అంచుకు అంచు ఆనించి చూసింది. కుదరకపోతే తీసి ఇంకోటి పెట్టింది. ఆకు వృథా కాకుండా ఏ మూల ఏ ముక్క పడుతుందో చూడడం ఆమెకు పన్నెండో ఏట నుంచి వచ్చిన పని. గంటకు ఎనిమిది ముక్కలు కలిశాయి. ఇంగ్లిషు అక్షరాలు వరుసగా నిలిచాయి. వినోద పదో తరగతి పాసైంది. వేలు పెట్టి ఒక్కొక్కటి చదివింది.

“లె... వో... సల్... పి... రైడ్.”

“గదేం పేరే?” అంది మంజుల.

“తెల్వదు. రేపు తెలుస్తది.”

ఆ ఎనిమిది ముక్కలను పాత క్యాలెండర్ కాగితం వెనుక అన్నం మెతుకులతో అంటించింది. అంటించేటప్పుడు ఇంకోటి కనిపించింది. ప్రతి ముక్క అంచున, ఎక్కడో ఒక చోట, చిన్న కొర్రు లేచి ఉంది. కత్తెర అంచు విరిగితే ఆకు మీద అలాగే పడుతుంది. విరిగిన కత్తెరతో కోసిన ఆకును కార్ఖానాలో తీసి పారేస్తారు. వినోద కొర్రు మీద గోరు పెట్టి రాసింది. అన్ని కొర్రులూ ఒకే తీరున ఉన్నాయి.

మంగళవారం జగిత్యాల సర్కారు దవాఖానలో ఆడవాళ్ల డాక్టర్ జమున ఆ క్యాలెండర్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివింది.

“ఇది ఎవరు అతికించిండ్రు?”

“నేనే మేడం.”

“ఎన్ని రోజులు వాడినవ్?”

“పదకొండు నెలలు. రోజుకొకటి.”

డాక్టర్ కాగితం బల్ల మీద పెట్టింది. ఆఖరు నెల ఎప్పుడు వచ్చిందో అడిగింది. నవంబరు అని వినోద చెప్పింది. పాలు ఎప్పటి నుంచి? ఫిబ్రవరి. కడుపేమోనని పరీక్ష చేయించింది. లేదు. స్కానింగ్ చేసింది. రక్తం తీయించింది. అన్నీ అయ్యాక కూర్చోబెట్టి చెప్పింది.

“తలల ఒక చిన్న గ్రంథి ఉంటదమ్మా. బిడ్డ పుట్టినంక పాలు రావాలని అది ఒక హార్మోన్ వదులుతది. ఈ మందు ఆ హార్మోన్‌ను పెంచుతది. బిడ్డ లేకున్నా ఒంటికి బిడ్డ ఉన్నట్టే లెక్క. పాలు వస్తయి. పాలిచ్చే తల్లికి ఆగినట్టే నెల ఆగుతది. అండం విడుదల కాదు. ఇంక కడుపెట్ల వస్తది?”

“గర్భసంచి ఎండిపోయిందన్నరు.”

“ఎవరన్నరు? మంచిగున్నది. నేను ఇప్పుడే చూసిన.”

వినోద కొంగు కొస వేలికి చుట్టుకుంది. “గిది విషమా మేడం?”

“విషం కాదు. మందే. కడుపు ఉబ్బరానికి కొన్నాళ్లు రాస్తం, చూసుకుంట. పదకొండు నెలలు ఎవరూ రాయరు. ఇయాల్టి నుంచి బంద్ చెయ్యి. నెలకో రెండు నెలలకో ముట్టు వస్తది. నాలుగు వారాలకు మళ్లా రక్తం ఇయ్యి. తగ్గకపోతే తలకు స్కాన్ తీద్దాం. పొద్దున ఏమన్న తిని పనికి కూసో. మంట సగం దానితోనే పోతది.” డాక్టర్ కలం మూత పెట్టింది. “ఇచ్చినాయన మీద కంప్లయింట్ ఇస్తవా?”

“ఇస్త. ఐతారం అయినంక.”

“ఐతారం ఏమున్నది?”

“జర పనున్నది మేడం.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినోద సంఘం భవనాన్ని గుర్తు చేసుకుంది. సిద్దిరాములు మధ్యన. అతని కుడి వైపు అంబదాస్, కాలు మీద కాలు వేసుకుని. కొమురవ్వ మెట్టు మీద. మామ హనుమండ్లు గోడవారన, తల వంచుకుని. పరశురాములు స్తంభం దగ్గర. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ఏ మాట అన్నారో, మెట్‌పల్లి వచ్చేదాకా ఒక్కొక్కటి చెప్పుకుంది. అంబదాస్ మాటలు ఎక్కడా తప్పకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పుకుంది.

ఇంటికి రాగానే మంజులను పిలిచి గోలీలు ఆపమంది. ఎందుకో చెప్పింది. మంజుల గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“ముసల్దానివైతివి అన్నడు గదనే నన్ను.”

“ఐతారం దాక ఎవలకు చెప్పకు. నీ ముక్కలు ఉన్నయా?”

“రెండు ఉంటయి, పొట్లంల.”

“పారెయ్యకు.”

గురువారం సాయంత్రం వినోద అంబదాస్ దుకాణానికి వెళ్లింది. సంఘం భవనానికి ఎదురుగా ఒక షట్టర్ గది. బల్ల, బెంచి, సెలైన్ కట్టే కొక్కెం. అంబదాస్ ఆమెను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

“మనసుల పెట్టుకోకు చెల్లె. పెద్దమనుషులు అడిగిండ్రు, నాకు తెలిసింది చెప్పిన.”

“లేదు సార్. గ్యాస్ గోలీలు కావాలె.”

అతను ఊపిరి వదిలాడు. సొరుగు లాగి పట్టీ తీశాడు. బల్ల మీది కత్తెర అందుకున్నాడు. పెద్ద కత్తెర, పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. ఒక అంచు మీద బియ్యపు గింజంత విరిగి ఉంది. నాలుగు ముక్కలు కోశాడు. వినోద అతని ముఖం చూడలేదు. కత్తెరను చూసింది.

“పేరు రాసియ్యరాదుండ్రి సార్, మా అవ్వకు మెట్‌పల్లిల తెస్త.”

“నా దగ్గర దొరికేటిది అక్కడ దొరకదు. మీ అవ్వనే రమ్మను.”

పొట్లం కొంగుకు ముడి వేసుకుంది. ఆ నాలుగూ మింగలేదు.

శుక్రవారం మళ్లీ జగిత్యాల వెళ్లింది. రక్తంలో ఆ హార్మోన్ ఇరవై అయిదు లోపు ఉండాలి. వినోదకు నూట నలభై రెండు ఉంది. డాక్టర్ చీటీ మీద ఇంగ్లిషులో రాయబోతే వినోద ఆపింది.

“తెలుగుల రాయుండ్రి మేడం. పెద్ద అక్షరాలు.”

ఆదివారం పదిన్నరకు అందరూ వచ్చారు. పోయిన వారం కంటే ఎక్కువ మంది ఉన్నారు. సంతకం చూడడానికి వచ్చారు. కొమురవ్వ కాగితం, కలం పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. అంబదాస్ జనం వెనుక నిలబడితే వినోద చేయి చూపించింది.

“సార్, పోయిన ఐతారం కూసున్న కాడ కూసోండ్రి.”

అతను సిద్దిరాములును చూశాడు. సిద్దిరాములు జరిగి చోటిచ్చాడు.

వినోద చేతిలో చాట ఉంది. దాని మీద తడిగుడ్డ కప్పి ఉంది. పనికి వెళ్తూ ఆగినట్టు కనిపించింది. చాట గద్దె మీద పెట్టి, గుడ్డ కింద నుంచి డాక్టర్ చీటీ తీసి సిద్దిరాములుకు ఇచ్చింది. అతను పైకి చదివాడు. “ఈమె గర్భసంచి, అండాశయాలు బాగున్నాయి. పాలు రావడం, నెల ఆగడం లెవోసల్పిరైడ్ అనే మందు ఎక్కువ కాలం వాడడం వల్ల. మందు ఆపించాను.” కింద సంతకం, ముద్ర.

“గా మందు ఎవలిచ్చిండ్రు?” అన్నాడు సిద్దిరాములు.

వినోద క్యాలెండర్ కాగితం పరిచింది. “అంబదాస్ సారు.”

అంబదాస్ నవ్వాడు. “రేకు ముక్కలు తెచ్చి నావంటే నావైతయా? ఏ ఊరుకు పోయి ఏం తెచ్చుకున్నదో. గా మందు నా దుకాణంల లేదు.”

“సార్ కత్తెర తెప్పియ్యుండ్రి పెద్దయ్యా.”

“కత్తెరా?”

గోడవార కూర్చున్న హనుమండ్లు లేచాడు. కోడలి మీద వచ్చిన ఏ మాటకూ అతను ఇంతవరకు నోరు తెరవలేదు. ఇప్పుడూ తెరవలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, రోడ్డు దాటి, షట్టర్ గదిలోకి వెళ్లి, నల్ల టేపు చుట్టిన కత్తెర తెచ్చి గద్దె మీద పెట్టాడు. “ఓ బావా, నీకేమైంది?” అని అంబదాస్ అన్నాడు. హనుమండ్లు పోయి తన చోట్లో కూర్చున్నాడు.

వినోద గుడ్డ తీసి ఒక తునికాకు బయట పెట్టింది. ఆ కత్తెరతో నిలువునా కోసింది. అంచును వెలుతురుకు పట్టి చూసింది. ఆకునూ, రేకు ముక్కలున్న కాగితాన్నీ పెద్దమనుషులకు ఇవ్వలేదు. వెనక్కి తిరిగి ఆడవాళ్లకు ఇచ్చింది.

“ఆకు చూసేటోళ్లు మీరే.”

ముందు వరుసలోని ముసలామె నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. ఆకు అంచు మీద బొటనవేలు నడిపింది. కొర్రు దగ్గర ఆపింది. రేకు అంచు మీద నడిపింది. ఆపింది. పక్కామెకు ఇచ్చింది. ఆమె కూడా అంతే చేసింది. ఆరుగురి చేతులు మారాక ముసలామె గద్దె వైపు తిరిగింది.

“గిదే కత్తెర.”

మంజుల లేచి తన రెండు ముక్కలు వాటి పక్కన పెట్టింది. “నాకు సుత గిదే ఇచ్చిండు. నాకు ముట్లుడిగినయన్నడు.” మగవాళ్ల వైపు నుంచి ఆమె భర్త ఏదో అనబోయాడు. “నువ్వు నవ్వినవ్. కూసో,” అంది.

అంబదాస్ కాలు కిందికి దింపాడు. “మంట తగ్గాలని ఇచ్చిన. అందరూ ఇస్తరు. గిట్లయితదని నాకేం తెలుసు?”

“తెల్వదు గద,” అంది వినోద. “మరి నా కడుపు సంగతి ఎట్ల తెలిసింది?”

సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. “ఏం కావాలె బిడ్డా నీకు?”

“పోయిన ఐతారం సారు మూడు మాటలు చెప్పిండు. గవి ఒక్కొక్కటి వాపసు తీసుకోవాలె. ఇక్కడనే.”

“తప్పైంది, పోనియ్యి అంటడు తియ్,” అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

“గట్ల కాదు. నేను చెప్త, సారు అనాలె. పాలు కడుపైతేనే వస్తయన్నది అబద్ధం. అనుండ్రి.”

అంబదాస్ సిద్దిరాములును చూశాడు. సిద్దిరాములు డాక్టర్ చీటీని చూస్తున్నాడు.

“అబద్ధం.”

“మొత్తం అనుండ్రి.”

“పాలు... కడుపైతేనే వస్తయన్నది అబద్ధం.”

“కడుపు తీయించుకున్నదన్నది అబద్ధం. గర్భసంచి ఎండిపోయిందన్నది అబద్ధం.”

మెల్లగా అన్నాడు. ముసలామె చెవి దగ్గర చేయి పెట్టుకుని “ఇనవడలే” అంది. మళ్లీ అన్నాడు.

“పరీక్ష చెయ్యకుంట చెప్పిన అని సుత అనుండ్రి.”

“పరీక్ష చెయ్యకుంట చెప్పిన.”

“ఇరవై రెండేండ్ల అనుభవంతోని.”

అంబదాస్ లేచి మెట్లు దిగాడు. ఆ మాట మాత్రం అనలేదు. కత్తెర గద్దె మీదే ఉండిపోయింది.

కొమురవ్వ మెట్టు మీది నుంచి లేచి వచ్చి వినోద భుజం పట్టుకుంది. “అయ్యిందేదో అయ్యింది బిడ్డా. డాక్టరని నమ్మినం. ఇంటికి రా. పిల్లలైతరని రాసిండ్రు గద.”

“అత్తా, నువ్వు కార్ఖానా వరండల చెప్పినవ్. ఎందరున్నరు ఆ దినం?”

కొమురవ్వ చేయి తీసింది.

“రేపు సోమారం. మళ్లా గందరు ఉంటరు.”

పరశురాములు స్తంభం వదిలి వచ్చాడు. “పద పోదాం.”

వినోద కొమురవ్వ చేతిలోని కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చాటలో ఆకు కట్ట కింద పెట్టింది.

“సంతకం పెడుతున్నవా?” అన్నాడు సిద్దిరాములు.

“ఆలోచిస్త పెద్దయ్యా. మీరు నాకు వారం ఇచ్చిండ్రు. నేను సుత ఇస్త.”

సోమవారం కార్ఖానా వరండాలో, కోడలిది తప్పేమీ లేదని కొమురవ్వ చెప్పింది. వరుసలో ముందున్న నలుగురికే వినిపించింది. వినోద తన కట్టలు తీసుకుని వరుస చివరికి వెళ్లి నిలబడింది. “ఇక్కడికి ఇనవడలే అత్తా,” అంది. కొమురవ్వ మళ్లీ చెప్పింది. చెప్పి, బీడీలు అప్పజెప్పకుండానే వెళ్లిపోయింది.

మంగళవారం వినోద, మంజుల జగిత్యాల వెళ్లి కంప్లయింట్ ఇచ్చారు. వినోద క్యాలెండర్ కాగితం, మంజుల రెండు ముక్కలు, డాక్టర్ చీటీ నకలు, నల్ల టేపు కత్తెర అందులో ఉన్నాయి. శుక్రవారం జిల్లా నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. అంబదాస్ సొరుగులో, బల్ల కింద కలిపి అరవై ఒక్క పట్టీలు దొరికాయి. షట్టర్‌కు తాళం వేసి, లక్క పెట్టి, కాగితం అంటించారు.

వారం అయింది. సిద్దిరాములు మనిషిని పంపాడు. ఆలోచిస్తున్నానని వినోద చెప్పింది. రెండో వారం మొదలైంది. కొమురవ్వ పట్టుచీర పంపింది. సత్తవ్వ దాన్ని తీసుకోబోతే వినోద చూసింది. సత్తవ్వ తిప్పి పంపింది. వినోద సంతకం లేనిదే పిల్లను ఇచ్చేది లేదని కోరుట్ల వాళ్లు చెప్పారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

మే పదమూడు సాయంత్రం పరశురాములు వచ్చి గడప మీద కూర్చున్నాడు. వినోద ఆకు కోస్తోంది. అతను చాలాసేపు ఆకు మీద ఇనుప రేకు తిరగడం చూశాడు.

“రేపు పోతున్న.”

“ఆఁ.”

“ఇంటికి రావు. సంతకం సుత పెట్టవు. పరేషాన్ చేస్తున్నవ్ నన్ను. ఏం కావాలె నీకు?”

వినోద ఆకు తిప్పి కోసింది. “మొదటి ఐతారం నా మీద గా మాట అంటుంటే ఫోన్ల ఏం చూసినవ్?”

“గదిప్పుడెందుకు?”

“చెప్పు.”

“మ్యాచ్. ముందు రోజుది.”

“ఎవలు గెలిచిండ్రు?”

“యాదికి లేదు.”

వినోద ఇంకో ఆకు తీసుకుంది. అతను లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. “మళ్లా రెండేండ్లకు వస్త. గప్పుడు పెడుతవా?” అన్నాడు.

“గప్పుడు ఆలోచిస్త.”

మే పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం మూడున్నరకు పరశురాములు ఎక్కిన కారు ఊరు దాటింది. విమానం రాత్రి తొమ్మిది నలభైకి శంషాబాద్ నుంచి. కాగితం మీద వినోద సంతకం లేదు.

నాలుగూ పదికి వినోదకు ముట్టు వచ్చింది. సత్తవ్వకు చెప్పింది. కొత్త క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి, చేతులు కడుక్కుని వచ్చి చాట ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం గిన్నెలో తొమ్మిది చింతగింజలు ఉన్నాయి.